యాపిల్ బటర్: కుక్కర్ చేసే పని ఎంత, మూకుడు చేసే పని ఎంత

సిమ్లా, కశ్మీర్ యాపిల్స్ బండ్ల మీదకు దిగగానే ఈ శీర్షికకు యాపిల్ బటర్ ప్రశ్నలు మొదలవుతాయి. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ ప్రెజర్ కుక్కర్ చుట్టూనే ఉన్నాయి. అందుకే ఈ సంచికలో వాటికే చోటిచ్చాం.

ప్రశ్న: కిలోన్నర యాపిల్స్ కుక్కర్‌లో వేసి నాలుగు విజిల్స్ రానిచ్చాను. జావలా పల్చగా వచ్చింది. మళ్లీ మూత పెట్టి ఇంకో ఆరు విజిల్స్ తెప్పించినా అంతే. చివర్లో వెన్న వేస్తే గట్టిపడుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

వెన్న వేయకండి. ఇందులో వెన్న చుక్క కూడా పడదు. యాపిల్ గుజ్జులో నీరు ఇగిరిపోయి, బ్రెడ్ మీద వెన్నలా పూసుకునేంత చిక్కగా అయితే అదే యాపిల్ బటర్.

మీ ఇబ్బంది విజిల్స్ లెక్కలో లేదు. యాపిల్‌లో నూటికి 85 పాళ్లు నీరే. కుక్కర్ మూత బిగిస్తే ఆ నీరు పోయే దారి ఉండదు. లోపలి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి ముక్క త్వరగా మెత్తబడుతుంది, అంతే. పది విజిల్స్ వచ్చినా గుజ్జు దగ్గరపడదు. మెత్తబరచడం వరకే కుక్కర్ పని. చిక్కబరచడం మూత లేని వెడల్పాటి మూకుడులో జరగాలి.

కిలోన్నర పండ్లకు లెక్క ఇదీ. కడిగి, నాలుగు చెక్కలు చేసి, మధ్యలో గింజల గూడు తీసేయండి. గింజలు మిక్సీలో పడకూడదు. చేదే కాదు, నలిగితే మంచివీ కావు. తొక్క ఉంచండి, గుజ్జును చిక్కబరిచే పెక్టిన్ దాన్లో ఎక్కువ. దిగుమతి పండ్లకు మైనం పూత ఉంటుంది కాబట్టి వాటిని గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడగాలి, లేదా తొక్క తీసేయాలి. గూడు తీశాక 1,300 గ్రాముల దాకా మిగులుతుంది.

ముక్కల్ని నేరుగా కుక్కర్‌లో వేయొద్దు. పప్పుకీ అన్నానికీ పెట్టినట్టే రెండు స్టీలు గిన్నెల్లో సర్ది, కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి పెట్టండి. గిన్నెల్లో నీళ్లు అక్కర్లేదు, ఒక్కో దాంట్లో చెంచాడు నిమ్మరసం చాలు. పై గిన్నె మీద పళ్లెం తప్పకుండా మూయండి. లేకపోతే మూతకు పట్టిన ఆవిరి నీరై గుజ్జులోకే కారుతుంది, ఆ నీటిని మళ్లీ మీరే ఇగర్చాలి. మొదటి విజిల్ వచ్చాక సిమ్‌లో పది నిమిషాలు ఉంచి ఆపేయండి. ప్రెజర్ దానంతట అదే పోనివ్వాలి.

మూత తీశాక గిన్నెల్లో పల్చటి రసం తేలుతుంది. దాన్ని వేరే గిన్నెలోకి వంచి పెద్ద మంట మీద మరిగించండి. పల్చగా ఉన్నంతసేపూ అది అడుగంటదు కాబట్టి త్వరగా ఇగురుతుంది, గుజ్జుతో కలిపి ఉంచితే ఆ వీలుండదు. పావు వంతుకు వచ్చాక గుజ్జులో కలిపేయండి. సగం సమయం ఇక్కడే ఆదా అవుతుంది.

ముక్కలు చల్లారాకే మిక్సీ పట్టాలి. వేడి గుజ్జును జార్‌లో బిగిస్తే ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలుతాయి. తర్వాత రంధ్రాల జల్లెడలో గరిటెతో నొక్కి వడకడితే తొక్క పీచు పైన మిగిలిపోతుంది. ఈ గుజ్జును మందపాటి అడుగున్న మూకుడులో, సన్న సెగ కన్నా కాస్త ఎక్కువ మంట మీద పెట్టి, అడుగు తగిలేలా కలుపుతూ ఉండండి. 40 నుంచి 50 నిమిషాలు పడుతుంది.

సగానికి వచ్చిందో లేదో కంటికి తెలియదు. మొదట్లోనే చెక్క గరిటె కాడను గుజ్జులో నిటారుగా నిలబెట్టి, తడిసిన చోట పెన్సిల్‌తో గీత గీసుకోండి. దానికి సగంలో ఇంకో గీత. గుజ్జు కింది గీతకు దిగాకే 200 గ్రాముల పంచదార వేయాలి. ముందే వేస్తే అది అడుగుకు చేరి మాడుతుంది. ఒకటిన్నర టీస్పూన్ల దాల్చిన చెక్క పొడి, నాలుగు లవంగాల పొడి, జాజికాయ చిటికెడు, ఉప్పు చిటికెడు చివరి పది నిమిషాల్లో వేయండి. లవంగం ఇంతకు మించితే యాపిల్ రుచి కనబడదు.

దించే సమయం ఇలా తెలుస్తుంది: ఫ్రిజ్‌లో చల్లబరిచిన స్టీలు పళ్లెంలో చెంచాడు వేసి రెండు నిమిషాలు ఆగండి. చుట్టూ నీటి అంచు కారితే ఇంకా ఉడకాలి. అంచు పొడిగా, మధ్యలో కుప్ప కూలకుండా ఉంటే దించేయొచ్చు. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి ముద్ద అయ్యేదాకా ఉంచకండి. మొత్తం 700 నుంచి 800 గ్రాములు వస్తుంది.

ప్రశ్న: యాపిల్స్ ఉడుకుతుంటే విజిల్‌లోంచి నురగ చిమ్మింది. కాసేపటికి విజిల్ రావడమే ఆగిపోయింది. భయమేసి స్టవ్ ఆపేశాను. కుక్కర్ పాడైందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

ఆపేసి మంచి పని చేశారు. కుక్కర్ పాడవలేదు, ఆవిరి గొట్టంలో గుజ్జు అడ్డుపడి ఉంటుంది. యాపిల్ మెత్తబడే కొద్దీ నురగ కట్టి పైకి పొంగుతుంది. ఆ నురగతో పాటు తొక్క ముక్కలు వెళ్లి సన్నని గొట్టంలో ఇరుక్కుంటే ఆవిరికి దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత మిగిలేది సేఫ్టీ వాల్వ్ ఒక్కటే. అందుకే కొన్ని కుక్కర్ కంపెనీలు తమ సూచనల పుస్తకంలో యాపిల్ సాస్‌ను, అంటే ఉడికించిన యాపిల్ గుజ్జును, ప్రెజర్‌లో వండొద్దనే రాస్తాయి. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మీ కుక్కర్ పుస్తకంలో అలా ఉంటే మూత బిగించకుండా మామూలు గిన్నెలో పావు గ్లాసు నీళ్లతో 25 నిమిషాలు ఉడికించండి. బటర్ రుచిలో తేడా ఏమీ రాదు.

కుక్కర్‌లోనే చేయాలంటే పైన చెప్పిన గిన్నె పద్ధతే మేం చెప్పేది. గిన్నెల్లో కూడా మూడు వంతులకు మించి నింపొద్దు. వెయిట్‌ను గరిటెతో ఎత్తి ఆవిరి వదలడం, కుక్కర్‌ను కుళాయి కింద పెట్టి చల్లార్చడం యాపిల్ విషయంలో అసలు వద్దు. ప్రెజర్ ఒక్కసారిగా పడిపోతే లోపలి గుజ్జు భగ్గున పొంగుతుంది. ఇప్పుడు మీరు చేయాల్సింది: మూత పూర్తిగా చల్లారాక తీసి, ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అవతలి వెలుగు గుండ్రంగా కనబడాలి. కనబడకపోతే సన్నని పుల్లతో పొడిచి, కుళాయి ధార కింద కడగండి. గ్యాస్‌కెట్ గాడిలో ఎండిన గుజ్జు కూడా తీసేయాలి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. తోటకు వెళ్లి పిల్లలు అర బుషెల్ యాపిల్స్ కోసుకొచ్చారు. ఎలక్ట్రిక్ ప్రెజర్ కుక్కర్‌లో వేస్తే ప్రతిసారీ అడుగు మాడుతోందని హెచ్చరిక చూపించి ఆగిపోతోంది. చేసినదాన్ని సీసాల్లో పెట్టి ఇండియా వెళ్లేటప్పుడు తీసుకెళ్లాలని ఉంది.
– ఒక పాఠకుడు

అర బుషెల్ అంటే తొమ్మిది, పది కిలోలు. ఒక్కసారిగా చేయాలని చూడకండి, రెండేసి కిలోల చొప్పున విడతలుగా చేయండి. ఆ హెచ్చరిక రావడానికి తరచుగా కారణం పంచదార, దాల్చిన చెక్క పొడి ముందే వేసి కలపడం. చిక్కటి గుజ్జు అడుగు పళ్లేనికి అంటుకోగానే మిషన్ ఆగిపోతుంది. ముందు ఒక కప్పు నీళ్లో, యాపిల్ సైడరో (అక్కడ దొరికే వడకట్టని యాపిల్ రసం, వెనిగర్ కాదు) పోయండి. ముక్కలు పైన పేర్చండి, కలపకండి, సగానికి మించి నింపకండి. పంచదార, మసాలా ఏదీ వద్దు. హై ప్రెజర్‌లో ఎనిమిది నిమిషాలు, తర్వాత 20 నిమిషాలు దానంతట అదే తగ్గనివ్వండి. మిక్సీ పట్టి, మూత తీసిన స్లో కుక్కర్‌లోనో, వెడల్పాటి గిన్నెలోనో ఇగర్చండి.

మీరున్న చోటికి దగ్గరలోనే పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబాలవారు దీన్ని ఆరుబయట పెద్ద రాగి కాగుల్లో చేసే ఆచారం ఉంది. సైడర్‌ను సగానికి మరిగించి, అందులో యాపిల్ ముక్కలు వేసి, పొడవాటి చెక్క తెడ్డుతో రోజంతా కలుపుతారు. ఆ ముదురు గోధుమ రంగు ఆ పొడవాటి సెగ వల్లే వస్తుంది. కుక్కర్‌లో మొదలుపెట్టినది లేత రంగులో ఉంటే దిగులు పడొద్దు. మూకుడులో సన్న సెగ మీద ఇంకో 20 నిమిషాలు ఉంచితే రంగు, రుచి రెండూ ముదురుతాయి. మెకింటోష్, కార్ట్‌లాండ్ రకాల యాపిల్స్ త్వరగా కరిగిపోతాయి. తీపి ఎక్కువున్న ఫ్యూజీ, రెడ్ డెలిషస్ మీరు కోసుకొచ్చి ఉంటే మూడో వంతు పుల్లటి రకం కలపండి.

నిల్వకు మేసన్ జార్లు (నిల్వ పదార్థాల కోసమే చేసిన, లోహపు మూతల గాజు సీసాలు) వాడండి. కళపెళ ఉడుకుతున్న బటర్‌ను, మరిగించి తీసిన వేడి జార్లలో పావు అంగుళం ఖాళీ ఉంచి నింపి, అంచు తుడిచి, కొత్త మూత పెట్టి, జార్లు మునిగేలా మరిగే నీళ్లలో ఉంచాలి. పింట్ (సుమారు అర లీటరు) జార్లకు సముద్ర మట్టం నుంచి 1,000 అడుగుల లోపైతే ఐదు నిమిషాలు, 6,000 అడుగుల దాకా పది, ఆపైన 15. న్యూజెర్సీలో చాలా చోట్ల ఐదు చాలు. డెన్వర్‌లో ఉన్నవాళ్లు పది పెట్టాలి. ఇలా మూత లోపలికి పట్టుకున్న సీసాలైతే ప్రయాణానికి పనికొస్తాయి. విమానంలో చేతి సంచిలో పెట్టకండి, జామ్‌లాగే దీన్నీ ద్రవంగా లెక్కగడతారు.

ప్రశ్న: మా దగ్గర మేసన్ జార్లు లేవు. పచ్చడి సీసాల్లో పోసి, వాటినే కుక్కర్‌లో పెట్టి రెండు విజిల్స్ తెప్పిస్తే సంవత్సరం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

అలా చేయొద్దు. మామూలు గాజు ఆ వేడికి, ప్రెజర్ మార్పుకు పగిలే ప్రమాదం ఉంది. పైగా మరమూత వేడికి ఒకలా, చల్లారాక ఇంకోలా ఉండి గాలి పీలుస్తుంది. ఊరగాయను కాపాడేది దండిగా వేసే ఉప్పు, నూనె. ఇందులో అవి లేవు. పొడి సీసాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు వారాలు. తడి చెంచా తగిలితే అదీ ఉండదు. ఎక్కువ చేస్తే చిన్న డబ్బాల్లో పావు వంతు ఖాళీ వదిలి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, ఆరు నెలలు రుచి మారదు. పైన బూజు చుక్క కనిపిస్తే అది తీసేసి మిగతాది తినడం వద్దు, మొత్తం పారేయండి. బూజు పట్టిన పండు వండటానికీ పనికిరాదు. దెబ్బ తగిలి నల్లబడిన చోటు కోసేసి వాడుకోవచ్చు కానీ, బూజు వల్ల పుట్టే పాట్యులిన్ అనే విషం ఉడికించినా పోదు.

ప్రశ్న: పంచదారకు బదులు బెల్లం వేయొచ్చా? మా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్నారు.
– ఒక పాఠకురాలు, వరంగల్

రుచి కోసమైతే నిక్షేపంగా వేయొచ్చు. 200 గ్రాముల బెల్లాన్ని పావు గ్లాసు నీళ్లలో కరిగించి, నలకలు వడకట్టి, పంచదార వేసే దశలోనే పోయండి. ఉప్పదనం ఉన్న బెల్లమైతే చిటికెడు ఉప్పు మానేయండి. బాగా నల్లటి బెల్లం వేస్తే మిగిలేది బెల్లం రుచే.

షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం బెల్లానికీ పంచదారకూ తేడా లేదు. తీపి ఏదీ వేయకుండా కూడా ఇది చిక్కబడుతుంది, దగ్గరపడేది గుజ్జే కాబట్టి. కానీ యాపిల్‌లోని తీపి అంతా అందులోనే పేరుకుంటుంది. తీపి వేయని బటర్ పెద్ద చెంచాడు తింటే ఇంచుమించు ఐదు గ్రాముల చక్కెర తిన్నట్టు. ఎంత తినొచ్చో డాక్టర్‌ను అడిగి పెట్టండి. తీపి లేనిది ఫ్రిజ్‌లో వారం, పది రోజులకు మించి ఉంచకండి.

ప్రశ్న: మూకుడులో చిక్కబడుతుండగా అడుగంటింది. మాడు వాసన వచ్చింది. ఏమైనా చేయొచ్చా? చిట్లి చేతుల మీద కూడా పడింది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

వాసన తగలగానే గరిటె పెట్టి గీకకండి, కలపకండి. పైన ఉన్నదాన్ని మాత్రం వేరే గిన్నెలోకి వంచేయండి, అంటుకున్నదాన్ని వదిలేయండి. చెంచాడు రుచి చూసి చేదు లేకపోతే కొత్త గిన్నెలో సన్న సెగ మీద కొనసాగించండి. చేదు దిగితే దాల్చిన చెక్క ఎంత వేసినా దాగదు.

చిట్లడం చివరి పావుగంటలోనే ఎక్కువ. గుజ్జు చిక్కబడ్డాక ఆవిరి బుడగ పైకి రాలేక కింద ఆగి, ఒక్కసారిగా పేలుతుంది. మంట తగ్గించండి, పొడవాటి కాడ ఉన్న గరిటె వాడండి, మూకుడుకు అడ్డంగా చెక్క గరిటె పెట్టి దాని మీద మూత వాలిస్తే ఆవిరి పోతుంది, చుక్కలు ఆగుతాయి. ఇనుప మూకుడు, పూత లేని అల్యూమినియం గిన్నె ఈ పనికి వద్దు. పులుపు తగిలి లోహపు రుచి, నలుపు వస్తాయి. మందపాటి స్టీలు మంచిది.