బీపీ ఉన్న నాన్నగారు డార్క్ చాక్లెట్ తింటే గుండెకి మంచిదా?

మాత్ర మాత్రం ఆపనివ్వకండి. మీ నాన్నగారు ఏదో వీడియో చూసి రోజూ డార్క్ చాక్లెట్ మొదలుపెట్టారనీ, ఇక బీపీ మాత్ర తగ్గించేస్తానంటున్నారనీ రాశారు కదా. చాక్లెట్ తిననివ్వండి, మాత్ర జోలికి వెళ్లనివ్వకండి. నేనూ బీపీ మనిషినే. టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర వేసుకుంటాను, మధ్యాహ్నం భోజనమయ్యాక చిన్న చాక్లెట్ ముక్కా తింటాను. రెండూ ఒకటి కాదని తెలిసే తింటాను.

మాది ఏలూరు వైపు. కొబ్బరి చెట్ల మధ్య కోకో వేసిన ఇల్లు. పచ్చి కోకో గింజని కొరికి చూస్తే లోపల ఊదారంగు, నోరంతా పిడచగట్టే వగరు, చేదు. ఆ వగరుకి పెద్ద కారణం ఫ్లావనాల్స్ అనే పదార్థాలు. గుండెకి మంచిదని చెప్పేదంతా వీటి గురించే. ఇవి రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఎక్కువగా తయారయ్యేలా చేస్తాయి. దాంతో నాళం కాస్త సడలుతుంది, రక్తం సులువుగా పారుతుంది. ఇంతవరకూ నిజమే.

కానీ ఆ వగరు పోగొట్టడమే చాక్లెట్ తయారీలో సగం పని. గింజల్ని రోజుల తరబడి పులియబెడతాం, ఎండబెడతాం, తర్వాత ఫ్యాక్టరీలో వేయిస్తారు. ప్రతి మెట్టు దగ్గరా ఫ్లావనాల్స్ కొంత పోతాయి. ఇక రంగు ముదరడానికి, రుచి మెత్తబడడానికి కోకోని క్షారంతో శుద్ధి చేస్తే మిగిలినవాటిలోనూ చాలా భాగం పోతుంది. నల్లగా ఉంది కాబట్టి మందులా పనిచేస్తుందనుకోవడం అందుకే కుదరదు. రేపర్ మీద 70 శాతం అని ఉన్నా అందులో కోకో వెన్న కూడా కలిసే ఉంటుంది, వెన్నలో ఈ పదార్థాలు ఉండవు.

ఈ నమ్మకం వెనక ఒక మంచి కథ ఉంది. పనామా తీరంలో సాన్ బ్లాస్ దీవుల్లో కునా అనే జనం ఉన్నారు. వాళ్లకి వయసు పైబడినా బీపీ పెరగడం లేదనీ, పట్నానికి వలసపోయినవాళ్లకి మాత్రం పెరుగుతోందనీ హార్వర్డ్ డాక్టరు నార్మన్ హోలెన్‌బర్గ్ గమనించారు. దీవుల్లో వాళ్లు కోకో పానీయం బాగా తాగేవారు. అయితే పట్నంలో మారింది కోకో ఒక్కటేనా? తిండి, పని, బతుకంతా మారిపోయింది. కారణం కోకోయే అని అక్కడితో తేల్చలేం.

అసలు పరీక్ష అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద జరిగింది, పేరు కాస్మోస్. 2022లో ఫలితాలు వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి లెక్కేస్తే కోకో వల్ల తేడా వచ్చిందని గట్టిగా చెప్పలేకపోయారు. గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించాయి. కొట్టిపారేసే సంగతి కాదు. కానీ వాళ్లకిచ్చింది చాక్లెట్ కాదండీ, రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఉన్న గుళికలు. చక్కెర లేదు, కొవ్వు లేదు. ఖర్చులో కొంత ఒక చాక్లెట్ కంపెనీదే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మరి బీపీ ఎంత తగ్గుతుంది? వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 35 పరీక్షల్ని కలిపి 2017లో చేసిన సమీక్షలో తేలింది సగటున 2 పాయింట్ల లోపే. మా ఇంట్లో మిషన్ మీద అయిదు నిమిషాల తేడాతో రెండుసార్లు చూస్తేనే అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది! నా బీపీ దిగింది మాత్ర వల్ల, ఆవకాయ తగ్గించి నడక పెంచడం వల్ల. చాక్లెట్ వల్ల నా పుస్తకంలో అంకె మారినట్టు నాకైతే కనిపించలేదు.

కొనేటప్పుడు ముందువైపు శాతం ఒక్కటే కాదు, వెనక పదార్థాల జాబితా చూడండి. మొదటి పేరు చక్కెర అయితే అది మిఠాయే. వెజిటబుల్ ఫ్యాట్, హైడ్రోజినేటెడ్ అన్న మాటలుంటే వదిలేయండి. కోకో పక్కన ఆల్కలీ అనో, 500, 501 అంకెల అసిడిటీ రెగ్యులేటర్ అనో ఉంటే క్షారం తగిలినట్టే. మీగడ, పంచదార లేకుండా మామూలు కోకో పొడిని పాలలో కలుపుకోవడం ఇంకా చవక.

పరిమాణం 10, 20 గ్రాములు చాలు. 20 గ్రాములంటేనే దాదాపు 120 కేలరీలు. అది భోజనానికి అదనం కాకూడదు, సాయంత్రం తినే కాజాకో బిస్కెట్లకో బదులు కావాలి. కొన్ని డార్క్ చాక్లెట్లలో సీసం, కాడ్మియం అనే హానికర లోహాలు ఉన్నట్టు అమెరికాలో పరీక్షల్లో బయటపడింది కాబట్టి రోజూ ఒక్కో బార్ మొత్తం తినేయడం నేను ఒప్పుకోను. రాత్రి పడుకోబోయే ముందు వద్దు, అందులో కెఫీన్ ఉంటుంది, నాకైతే నిద్ర చెడుతుంది. మీ నాన్నగారికి షుగరుగానీ కిడ్నీ సమస్యగానీ ఉంటే ముందు డాక్టరుగారిని అడగండి. మాత్ర మోతాదు తగ్గించాలా అన్న మాట కూడా ఇంట్లో రాసుకున్న రీడింగులు తీసుకెళ్లి ఆయన్నే అడగండి.