పాప మందుల గురించి పెద్దమ్మ రాసేది

అమ్మలూ,

పాపకి లూపస్ అని తేలిందని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను. ఇది అంటుకునే జబ్బు కాదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావనో, ఏదో తిన్నావనో ఎవరన్నా అంటే చెవిన వేసుకోకు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఎదురు తిరిగి చర్మం, కీళ్ళు, కిడ్నీల మీద పడుతుంది. పెద్దవాళ్ళలో కంటే పిల్లల్లో కిడ్నీలకి ఎక్కువగా వస్తుంది. నా బెంగంతా అక్కడే.

మన ఉద్దానంలో కిడ్నీ మాటెత్తితే చాలు, "నీళ్ళ వల్లే, ఎవరేం చేస్తారు" అని చేతులెత్తేస్తారు. లూపస్‌తో వచ్చే కిడ్నీ జబ్బు వేరమ్మా. వేళకి పట్టుకుంటే చాలామందిలో మందులకి లొంగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. అందుకే డాక్టరు చెప్పినప్పుడల్లా మూత్రంలో ప్రొటీన్ పరీక్ష, బీపీ తప్పించకు. మధ్యలో నువ్వూ కనిపెట్టు: పొద్దున్న మూత్రం మీద నురగ ఎంతకీ అణగకపోయినా, లేచేసరికి కనురెప్పలు ఉబ్బినా, సాక్సు విప్పితే కాలి మీద గీత లోతుగా పడినా వెంటనే చూపించు.

లూపస్‌కి ఇచ్చే స్టెరాయిడ్ బిళ్ళలతో మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. బళ్ళో ఏడిపిస్తే ఈడొచ్చిన పిల్లలు బిళ్ళలు చాటుగా పారేస్తారు, నేను చూశాను. మింగేదాకా పక్కనే కూర్చో. అది వాడుతుంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. బాగుందనిపించినా డోసు తగ్గించాల్సింది డాక్టరే. లూపస్‌కే ఇచ్చే ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ళ తరబడి వాడేది, దానికి చెప్పిన గడువుకల్లా కంటి పరీక్ష ఉండాలి.

ఎండ తగిలితే జబ్బు తిరగబెట్టొచ్చు, మబ్బు రోజైనా సరే. ప్రార్థనప్పుడు నీడలో నిలబెట్టమని హెడ్మాస్టరుని అడుగు. పొడుగు చేతుల బట్టలు, గొడుగు, సన్‌స్క్రీన్ మానొద్దు. ఎండుచేపలు, ఆవకాయ బాగా తగ్గించు, ఉప్పు బీపీని పెంచుతుంది.

జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఈ మందులతో ఇన్‌ఫెక్షన్లు తొందరగా ముదురుతాయి. కీళ్ళ నొప్పులకి మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనకు, కిడ్నీకి చేటు. పసరు మందులు అసలే వద్దు. టీకా ఏదైనా లూపస్ చూసే డాక్టరుని అడిగాకే.

ఈసారి మూత్రం రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు, నేనూ చూస్తాను.

మీ పెద్దమ్మ