బాబు రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు.. రక్తం ఎక్కించాలా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ఐదు రోజులైనా జ్వరం దిగకపోతే ఆసుపత్రిలో చేర్చాం. బ్లడ్ కల్చర్‌లో (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) స్టాఫ్ అనే బ్యాక్టీరియా వచ్చింది, రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. రెండు వారాల కింద తొడ మీద సెగ్గడ్డ లేస్తే మా అత్తమ్మ పిండారు, అది మానిపోయింది కూడా. రక్తం చెడిపోయిందేమో, కొత్త రక్తం ఎక్కించాలేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఐదు నెలల పాప కూడా ఉంది, తనకు అంటుకుంటుందా?
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, రక్తం చెడిపోవడం అంటూ ఏమీ లేదు. అందులోకి బ్యాక్టీరియా చేరింది, దాన్ని చంపే యాంటీబయాటిక్ ఐవీలో, అంటే నరంలోకి ఎక్కిస్తారు, అంతే. హిమోగ్లోబిన్ బాగా పడిపోతే తప్ప రక్తం ఎక్కించే పని ఉండదు.

ఎలా వచ్చిందంటే, మానిపోయిందని మీరు పక్కన పెట్టేసిన ఆ సెగ్గడ్డ మీదే నా అనుమానం. ఈ స్టాఫ్, అంటే స్టాఫైలోకోకస్ ఆరియస్, మనలో చాలామందికి ముక్కులో, చర్మం మీద ఊరికే ఉంటుంది, ఏ హానీ చేయదు. చర్మం గీరుకుపోయినచోటో గడ్డ ఉన్నచోటో లోపలికి దిగితేనే గొడవంతా. గడ్డను నొక్కితే చీము మొత్తం బయటికే రావాలని లేదు, కొంత లోపలికీ పోతుంది. అలాగని అత్తమ్మగారిని తప్పుపట్టకండి, ఎవరూ పిండకపోయినా కొందరు పిల్లల్లో ఇలా అవుతుంది.

అందరు పిల్లల్లో కారణం ఇదే కాదు, వయసును బట్టి మారుతుంది. పుట్టిన కొద్ది రోజులకే వస్తే కాన్పు సమయంలో తల్లి నుంచో, ఆసుపత్రి వాతావరణం నుంచో అంటుకున్న క్లెబ్సియెల్లా, ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా ఎక్కువ. బొడ్డు మీద పసుపు, బూడిద, ఆవుపేడ రాయడం కూడా ఓ కారణమే, దయచేసి ఏమీ రాయకండి, పొడిగా వదిలేయండి. రెండు నెలల్లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడి పాలు తాగకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాస్త పెద్ద పిల్లల్లో న్యుమోనియా, యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలోకి వెళ్తాయి. కలుషిత నీళ్లతో వచ్చే టైఫాయిడ్ కూడా నిజానికి రక్తంలో ఇన్ఫెక్షనే, కానీ ఆ పేరు వింటే ఎవరూ ఇంత భయపడరు! తలసీమియా అనే రక్త జబ్బుతో ప్లీహం (స్ప్లీన్) తీసేసిన పిల్లలకు, కీమో తీసుకుంటున్నవాళ్లకు, రోజుల తరబడి సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

మీవాళ్లు కల్చర్ చేయించారు కాబట్టి బ్యాక్టీరియా పేరు, ఏ మందుకు లొంగుతుందో తెలిసింది. చాలామంది మెడికల్ షాపులో అడిగి రెండు మూడు రోజులు యాంటీబయాటిక్ వాడేసి అప్పుడు వస్తారు, ఇక కల్చర్‌లో ఏమీ పెరగదు, మేం చీకట్లో రాయి విసిరినట్టు మందు ఎంచుకోవాల్సి వస్తుంది.

ఒక్కటి మాత్రం గమనించండి. బాబు కుంటుతున్నాడా, ఏ కాలైనా చేయైనా కదిపితే ఏడుస్తున్నాడా? స్టాఫ్ రక్తంలో తిరుగుతూ ఎముకలో, కీలులో, ఒక్కోసారి గుండె కవాటాల మీద తిష్ఠ వేస్తుంది. అలాంటిది ఉంటే ఈ రోజే డాక్టరుకు చెప్పండి, స్కాన్, ఎకో (గుండె స్కాన్) అవసరమా అని అడగండి. జ్వరం తగ్గింది కదా అని డిశ్చార్జి కోసం తొందరపెట్టొద్దు. మళ్లీ కల్చర్ చేసి రక్తంలో బ్యాక్టీరియా లేదని తేలాలి, ఇంజెక్షన్లు రెండు వారాల దాకా పట్టొచ్చు, ఎముకలో చేరితే మొత్తం చికిత్స ఇంకా ఎక్కువ రోజులు.

పాప సంగతి. రక్తంలో ఉన్నది పక్కన పడుకుంటే అంటుకోదు. చర్మం మీది స్టాఫ్ మాత్రం తువ్వాళ్లు, చేతుల ద్వారా పాకుతుంది కాబట్టి బాబు తువ్వాలు వేరుగా ఉంచండి, పాపను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. స్టాఫ్‌కు టీకా లేదు. రక్తంలో ఇన్ఫెక్షన్ తెచ్చే మరో రెండు బ్యాక్టీరియా న్యుమోకోకస్, హిబ్‌లకు ఉంది. పాప కార్డు చూడండి, ఈపాటికి పెంటావాలెంట్ (హిబ్ టీకా ఇందులోనే ఉంటుంది) మూడు డోసులు, పీసీవీ (న్యుమోకోకస్ టీకా) రెండు డోసులు పడి ఉండాలి, పీసీవీ మూడోది తొమ్మిది నెలలు నిండాక. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆరు నెలలు దాటాక వేయించవచ్చు, మీ పిల్లల డాక్టరును అడగండి.