టీఎంఎస్ చేయించాలా, ఇంటికి పంపాలా?

తమ్ముడూ, నీ మెయిల్ రెండుసార్లు చదివాను. మీ ఆవిడకి డిప్రెషన్‌కి మూడో మందు కూడా పట్టలేదనీ, ఇక్కడ అమెరికాలో డాక్టరు టీఎంఎస్ చేయిద్దామంటున్నారనీ, పాలకొల్లులో మీ అత్తగారేమో "పంపించెయ్యండి బాబూ, ఇక్కడ చవగ్గా చూపించుకుంటాం" అంటున్నారనీ రాశావు. మాదీ రావులపాలెం దగ్గరే. కన్నతల్లి భయం నాకు తెలుసు. అయినా లెక్క మాత్రం ఇంకోలా వెయ్యాలి.

టీఎంఎస్ అంటే తలకు అయస్కాంతపు కాయిల్ ఆనించి మెదడును ప్రేరేపించడం. మత్తు ఉండదు. వారానికి ఐదు రోజులు, దాదాపు ఆరు వారాలు వెళ్లాలి. పాలకొల్లు నుంచి పెద్ద ఊరికి అన్ని రోజులు తిరగలేరు, అక్కడే గది తీసుకుని ఉండాలి. దానికి విమానం టికెట్టు, నువ్వు పక్కన లేకపోవడం కలుపు. ఇక్కడైతే 2018లో కెనడా పరిశోధకులు చూపించిన మూడు నిమిషాల పద్ధతి ఉందేమో క్లినిక్‌లో అడుగు. పాత 37 నిమిషాల పద్ధతికి అది తీసిపోలేదు. సెలవులు మిగులుతాయి.

ఇంకో మందు చూద్దాంలే అనుకోవడం చవకగానే కనిపిస్తుంది. కానీ అమెరికాలో జరిగిన స్టార్-డి అనే పెద్ద పరిశోధనలో, మూడో మెట్టు మందులతో పూర్తిగా కోలుకున్నవాళ్లు వందకి 14 మంది దాకానే. మారిన ప్రతి మందుకీ వారాలు పోతాయి. ఆ వారాలు ఆ అమ్మాయి జీవితంలోవి. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే.

ఈసీటీ, అంటే మెదడుకు కొద్దిగా కరెంటు పంపే చికిత్స, అనగానే మనవాళ్లు "కరెంటు షాక్" అని హడలిపోతారు. ఇప్పుడు మత్తిచ్చి, కండరాలు సడలించి చేస్తారు. అలా కాకుండా చేయడాన్ని మన దేశంలో 2017 చట్టం నిషేధించింది. కొన్నాళ్లు జ్ఞాపకాలు తడబడవచ్చు, వెంట మనిషి ఉండాలి. కానీ తిండి మానేసినా, చావు మాటలు వచ్చినా అది త్వరగా పనిచేస్తుంది. రెండు చికిత్సలు విఫలమయ్యాక ఈసీటీ ఖర్చుకు తగిన వైద్యమేనని 2018లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కగట్టారు. చావు మాటలు వింటే ఆగకుండా 988కి, అంటే అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే నంబరుకి, ఫోన్ చెయ్యి.

ఇక ఇన్సూరెన్స్. ఇన్ని మందులు వాడినా తగ్గలేదని కాగితం చూపిస్తేనే చాలా ప్లాన్లు టీఎంఎస్‌కి ముందస్తు అనుమతి ఇస్తాయి. మా ఇంట్లో ఒకరికి మొదట తిరస్కరించారు, భీమవరంలో వాడిన రెండు మందుల చీటీలు లేవని. మా బాబాయి బస్సెక్కి వెళ్లి డాక్టరు చేత మందు పేరు, డోసు, ఎన్ని వారాలు వాడిందీ రాయించి ఫొటో పంపాక అప్పీలులో ఒప్పుకున్నారు. చికిత్స రెండు ప్లాన్ సంవత్సరాల మధ్య పడకుండా చూసుకో, లేకపోతే డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు ఏటా మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) రెండుసార్లు కట్టాలి.

ఈ రాత్రే, అక్కడ తెల్లారగానే, అత్తగారికి ఫోన్ చేసి పెళ్లికి ముందు వాడిన మందుల చీటీలు కూడా వెతికించు.