హోలీ ఐలాండ్‌కి వెళ్తే టవర్ కాదు, నేల మీది రాళ్లు చూడండి

"ఐర్లాండ్‌లో లిమరిక్ దగ్గర లాఖ్ డెర్గ్ సరస్సులో ఉన్న హోలీ ఐలాండ్‌ని గంటలో చూసేయొచ్చా? పడిపోయిన గోడలు తప్ప ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగారు. గోడలే చూడాలనుకుంటే గంట కూడా ఎక్కువే. చూడాల్సింది చూడాలంటే రెండు గంటలు కావాలి. అందుకే పడవ ఎక్కేముందే "తిరిగి ఎప్పుడు తీసుకొస్తారు?" అని అడగండి. కొన్ని ట్రిప్పుల్లో గంట తిరక్కముందే రమ్మంటారు.

దారి సులువే. లిమరిక్ నుంచి ఆర్463 రోడ్డు మీద కిల్లాలో మీదుగా టూమ్‌గ్రానీ, అక్కడి నుంచి ఆర్352 మీద మౌంట్‌షానన్. కారైతే సుమారు గంట. పడవలు అక్కడి హార్బర్ నుంచి వేసవి నెలల్లోనే తిరుగుతాయి, పది పదిహేను నిమిషాల ప్రయాణం. ముందు రోజు బుక్ చేసుకున్నా సరే, బయల్దేరే పొద్దున ఫోన్ చేసి కనుక్కోండి. సరస్సు పొడవుగా, రెండు వైపులా తెరుచుకుని ఉంటుంది. నైరుతి గాలి కాస్త గట్టిగా వీస్తే ఎండ కాస్తున్నా అలలు లేస్తాయి, చిన్న పడవలు కదలవు. వాన పడుతోందని ట్రిప్ ఆపరు, గాలి వీస్తే ఆపేస్తారు. మనవాళ్లు మాత్రం ఆకాశం వైపే చూస్తారు.

ద్వీపంలో టాయిలెట్ లేదు, టీకొట్టు లేదు, తలదాచుకునే చోటూ తక్కువే. ఆ పనులన్నీ ఊళ్లోనే ముగించుకోండి. గడ్డి ఎప్పుడూ తడిగా ఉంటుంది, పశువులు మేసిన నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. చీలమండ దాకా పట్టే బూట్లు వేసుకోండి. ఫొటోల కోసం పట్టుచీర, హీల్స్ వేసుకుని దిగితే పడవ దిగిన చోటే బురదలో ఇరుక్కుంటారు.

ఇక టవర్ సంగతి. ద్వీపంలోని పాత క్రైస్తవ మఠం తాలూకు గుండ్రటి రాతి గోపురం అది. ఇరవై మీటర్లకు పైన ఎత్తు, పై టోపీ లేదు, లోపలికి ఎక్కడానికీ లేదు. ద్వారం మనిషి ఎత్తుకన్నా చాలా పైన ఉంటుంది. స్కాండినేవియా దోపిడీదారులైన వైకింగులు వస్తే దాక్కోవడానికే అలా కట్టారని పడవలో ఎవరో ఒకరు చెప్తారు. ఐరిష్‌లో ఈ టవర్ల పేరు 'క్లిగ్‌టాఖ్', అంటే గంట ఇల్లు. చెక్క అంతస్తులు, నిచ్చెనలు ఉన్న సన్నటి గొట్టంలో దూరి దాక్కుంటే కింద నిప్పు పెట్టినవాడికి పొగగొట్టం కట్టి ఇచ్చినట్టే. గంట మోగించడానికే కట్టారు, ఇందులో నాకు అనుమానం లేదు.

ఇంకో అపోహ, అక్కడ కనిపించేదంతా ఆరో శతాబ్దానిదేనన్నది. మఠం పాతదే. ఏడో శతాబ్దపు సెయింట్ కామిన్ పేరు దానితో ముడిపడి ఉంది. కానీ తొలి మఠాల్లో కట్టడాలు ఎక్కువగా కర్రా మట్టీ, అవి మిగలవు. ఇప్పుడున్న రాతి చర్చిలు చాలావరకు పదో శతాబ్దం తర్వాతివి. వైకింగుల దాడుల తర్వాత ఐరిష్ రాజు బ్రియన్ బోరు బాగుచేయించాడంటారు. అతని అన్నదమ్ముల్లో ఒకడైన మార్కాన్ ఇక్కడ మఠాధిపతి, 1010లో పోయాడు. పాత మఠం ఆనవాళ్లంటే గడ్డి కింద గీతల్లా కనిపించే మట్టి కట్టలే. ఎండ ఏటవాలుగా పడితేనే అవి తేలతాయి, మిట్టమధ్యాహ్నం ఏమీ కనిపించదు.

అసలు వెళ్లాల్సింది సెయింట్స్ గ్రేవ్‌యార్డ్‌కి. శిలువ గుర్తులు చెక్కిన సమాధి పలకలు నేల మీద పడుకుని ఉంటాయి. కొన్నిటి మీద 'ఓఆర్ డో' అని ఉంటుంది. 'ఫలానావాడి కోసం ప్రార్థించండి' అనడానికి అది పొట్టిరూపం. ఒక రాయి మీదైతే 'ఇలద్ ఇన్ దెఖెన్‌బోర్' అని, అంటే పదిమంది సమాధి అని ఉంది. ఆ పదిమంది పేర్లు అందులో లేవు.

ఈ గీతలు వట్టి కంటికి ఆనవు. ఒకరు గొడుగో జాకెట్టో అడ్డం పెట్టి రాయి మీద నీడ పడేలా చేయాలి. ఇంకొకరు ఫోన్ టార్చ్‌ని రాయి అంచు నుంచి జానెడు దూరంలో, దాదాపు నేలకి ఆనించి పట్టుకోవాలి. వెలుగు ఒక పక్క నుంచే పడితే, దానికి సమాంతరంగా ఉన్న గీతలు మాయమైపోతాయి. కాబట్టి నాలుగు పక్కల నుంచీ చూపించి నాలుగు ఫొటోలు తీయండి. టార్చ్‌ని పైనుంచి నిటారుగా కొడితే రాయి నున్నగా కనిపిస్తుంది, "ఏమీ లేదు" అని వెళ్లిపోయేవాళ్లు చేసే తప్పు ఇదే. సుద్దతో గీయడం, నాచు గోకడం, పలకల మీద నిలబడడం వద్దు. పక్కనే ఇప్పటివాళ్ల సమాధులు కూడా ఉన్నాయి, ఆ కుటుంబాలు ఇంకా వస్తుంటాయి.

నాగార్జునకొండ చూసినవాళ్లు ఇక్కడ మ్యూజియం కోసం వెతుకుతారు. అక్కడ 1954-60 మధ్య తవ్వి, డ్యాం నీళ్లు రాకముందే కట్టడాలను ఎత్తి కొండ మీద తిరిగి నిలబెట్టారు. ఇక్కడ మీ టార్చే మీ గైడు.

సమయం మిగిలితే సెయింట్ కామిన్ చర్చి పడమటి ద్వారం, 'కన్ఫెషనల్' అనే చిన్న గది, బేరాల రాయి చూడండి. రాతిలోని రంధ్రంలోంచి చేతులు కలిపి పెళ్లి మాటలు, బేరాలు ఖాయం చేసుకునేవాళ్లట. తీర్థయాత్రలప్పుడు తాగుడు, గొడవలు మితిమీరాయని 19వ శతాబ్దంలో మతగురువులే ఆ జాతరను ఆపించారు. మన ఊరి జాతరలు గుర్తొస్తే నా తప్పు కాదు.

గాలి వల్ల పడవ రద్దయితే తిట్టుకుంటూ ఇంటికెళ్లకండి. వచ్చిన దారిలోనే టూమ్‌గ్రానీలో పదో శతాబ్దపు సెయింట్ క్రోనన్ చర్చి ఉంది. ఆ తర్వాత కిల్లాలో కెథీడ్రల్‌లోకి వెళ్లి థోర్‌గ్రిమ్ రాయి అడగండి. ఒక వైపు వైకింగుల రూనిక్ లిపిలో శిలువ చెక్కింది థోర్‌గ్రిమ్ అని, ఇంకో వైపు ఐరిష్ ఓగమ్ లిపిలో థోర్‌గ్రిమ్‌కి దీవెన. ద్వీపాన్ని దోచుకున్న జాతివాడే శిలువ చెక్కి దీవెన పొందాడు. ఫోన్‌లో చార్జింగ్ మిగిలి ఉంటే ఇక్కడ కూడా వెలుగు పక్క నుంచే పట్టండి.