హాల్‌మార్క్ బంగారానికే, రవ్వలకు బిల్లులోని మాటే ఆధారం

ప్రశ్న: నిరుడు మా అమ్మాయి నిశ్చితార్థానికి విశాఖపట్నంలోని ఒక నగల షోరూములో వజ్రాల బ్రేస్‌లెట్ కొన్నాం. పాత బంగారం మార్చగా మిగిలింది కార్డు మీద కట్టాం. మొత్తం ధర 2,64,000 రూపాయలు. బిల్లు మా వారి పేరున ఉంది. ‘48 రాళ్లు, 1.60 క్యారెట్లు, వీవీఎస్, ఈ-ఎఫ్’ అని బిల్లులోనూ, షోరూమువారి గ్యారంటీ కార్డులోనూ రాశారు. పద్నాలుగు నెలల తర్వాత మార్పిడికని విజయనగరంలో తెలిసిన కొట్టుకు తీసుకెళ్తే, రాళ్లు ఎస్ఐ, ఐ-జే రకంలా ఉన్నాయని, కొన్ని ల్యాబ్‌లో పెంచినవి కూడా కావచ్చని అన్నారు. షోరూమువారిని అడిగితే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు అడుగున అచ్చయిన వాక్యం చూపించారు. హాల్‌మార్క్ ఉన్న నగలో ఇలా జరుగుతుందా? విశాఖ తిరగకుండా ఇక్కడే కేసు వేయవచ్చా? పోలీసు ఫిర్యాదు మంచిదా?
— ఒక పాఠకురాలు, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: ముందుగా హాల్‌మార్క్ సంగతి చూద్దాం. మీ బ్రేస్‌లెట్ మీద ఉన్న బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత అంకె, ఆ నగకే ప్రత్యేకంగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ, ఈ మూడూ బంగారం గురించి మాత్రమే చెబుతాయి. రాళ్ల నగలు ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంతో చేస్తారు కాబట్టి మీ నగ మీద 18కె750 అని ఉండవచ్చు. అంటే లోహంలో వెయ్యికి 750 పాళ్లు బంగారమని అర్థం. ఆ స్వచ్ఛత తగ్గిందని తేలితే, తగ్గిన మేర విలువకు రెండింతలు, దానితోపాటు పరీక్ష ఖర్చు కూడా కొనుగోలుదారుకు ఇవ్వాలని 2018 నాటి బీఐఎస్ నియమావళి చెబుతోంది. రాళ్లకు అలాంటి ప్రభుత్వ ముద్ర ఏదీ లేదు. తరుగు దగ్గర, మజూరీ దగ్గర అరగంట బేరమాడే మనం రవ్వల దగ్గరికి వచ్చేసరికి మెరుపు చూసి ఊరుకుంటాం. మీ విషయంలో అదృష్టవశాత్తు షోరూమువారు నాణ్యతను అక్షరాలా రాసి ఇచ్చారు, మీ కేసుకు పునాది ఆ ఒక్క వరుసే.

వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోయి తీరాలన్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్‌లోని షరతు. సరుకు ఫలానా గ్రేడుదని, ఫలానా పదార్థంతో చేసినదని అబద్ధం చెప్పి అమ్మడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. గ్యారంటీ కార్డు బయటి ల్యాబ్‌ది కాదు, షోరూమువారిదే అని రాశారు. నాణ్యతకు రుజువుగా ఆ కార్డుకు పెద్ద విలువ లేదు. అయితే ‘మేము అలా చెప్పలేదు’ అనే అవకాశం అమ్మినవారికి లేకుండా చేయడానికి అంతకు మించిన కాగితం మరొకటి లేదు.

ఇక ఆ అక్షరాలు ఏమంటున్నాయో తెలియకపోతే కేసు ఎంత బలమైనదో అంచనా వేయలేం. వజ్రం రంగును డి నుంచి జెడ్ వరకు కొలుస్తారు. డి, ఈ, ఎఫ్ అసలు రంగులేని వరుస. జి నుంచి జే వరకు దాదాపు రంగులేని వరుస. అక్కడి నుంచి పసుపు ఛాయ కనపడటం మొదలవుతుంది. నైర్మల్యాన్ని, అంటే లోపలి మచ్చలూ పగుళ్లూ ఎంతున్నాయన్నదాన్ని, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో చూసి చెబుతారు. వీవీఎస్‌లో ఆ అద్దంతో చూసినా మచ్చ దొరకడం నిపుణుడికే కష్టం. దాని కింద వీఎస్, ఆ కింద ఎస్ఐ. ఎస్ఐలో అద్దం పెట్టగానే మచ్చలు తేలిగ్గా కనిపిస్తాయి. వీవీఎస్, వీఎస్, ఎస్ఐలకు ఒక్కొక్క దానిలో ఒకటి, రెండు అని మెట్లున్నాయి. రంగులో ఎఫ్ నుంచి ఐకి దిగితేనే మూడు మెట్లు, నైర్మల్యంలో వీవీఎస్ రెండు నుంచి ఎస్ఐ ఒకటికి దిగినా మూడు మెట్లు. గ్రేడింగ్ నిపుణుడి కంటిచూపుతో ఇచ్చే అభిప్రాయం కాబట్టి ఒక మెట్టు తేడా ఇద్దరు నిజాయితీపరుల మధ్య కూడా వస్తుంది. అంతమాత్రానికైతే కేసు వద్దనే నేను చెబుతాను. మీకు చెప్పిన తేడా నిజమే అయితే అది అభిప్రాయభేదం కిందికి రాదు.

‘నిజమే అయితే’ అన్నది ఊరికే అన్న మాట కాదు. విజయనగరం కొట్టువారి నోటిమాట సాక్ష్యం కాదు. పైగా మార్పిడికి వచ్చిన నగకు విలువ తక్కువ కట్టడంలో ఆ కొట్టుకూ లాభం ఉంటుంది. ల్యాబ్ వజ్రం అనుమానమైతే మరీ కష్టం. సీవీడీ, హెచ్‌పీహెచ్‌టీ పద్ధతుల్లో పెంచిన వజ్రం కూడా అచ్చమైన కర్బనమే. కొట్లలో వాడే వేడిని పసిగట్టే చిన్న టెస్టరు దాన్నీ గని వజ్రాన్నీ ఒకేలా చూపిస్తుంది. తేడా తేల్చడానికి రత్న పరీక్షా కేంద్రాల్లోని వర్ణపట పరికరాలు కావాలి. ల్యాబ్ వజ్రం అమ్మడం తప్పు కాదు, ఆ మాట చెప్పకుండా అమ్మడమే తప్పు. విశేషణం ఏదీ లేకుండా ‘వజ్రం’ అని రాస్తే అది ప్రకృతి సహజమైనదే అయి ఉండాలన్నది 2015లో వెలువడిన ఐఎస్ఓ 18323 అంతర్జాతీయ ప్రమాణం. మీ బిల్లులో ఆ మాట ఎలా రాసి ఉందో ఒకసారి చూడండి.

కాబట్టి ఆరోపణ చేసే ముందు పరీక్ష చేయించాలి, దానికి ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. ఇలాంటి కేసుల్లో అమ్మినవారు సాధారణంగా తీసుకునే వాదన, ‘ఇవి మేము పొదిగిన రాళ్లు కావు, ఇంటికి వెళ్లాక మార్చుకున్నారు’ అన్నది. మీ 48 రవ్వలు కలిపి 1.60 క్యారెట్లు, అంటే ఒక్కొక్కటి మూడు సెంట్ల పైచిలుకు (సెంటు అంటే క్యారెట్‌లో నూరో వంతు). అంత చిన్న రాళ్ల మీద లేజరుతో చెక్కిన నంబరు ఉంటుందని ఆశించలేం, గనుక నగ అదేనని వేరే దారిలో చూపాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో హెచ్‌యూఐడీ కొట్టి, వచ్చిన వివరాలను అచ్చు తీసి పెట్టుకోండి. బిల్లులోని తూకాలు చూడండి: ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు కాబట్టి 1.60 క్యారెట్లంటే 0.320 గ్రాములు, నికర బంగారం 14.000 గ్రాములని ఉంటే మొత్తం తూకం 14.320 గ్రాములు రావాలి. ఆ లెక్క కుదిరి, ఇప్పుడు తూచినా అంతే వస్తే, నగ చెక్కు చెదరలేదనడానికి అదొక ఆసరా. లెక్కలోనే తేడా ఉంటే రాళ్ల బరువును బంగారం ధరకు అమ్మారన్న మరో సంగతి బయటపడుతుంది. మరమ్మతుకో, లంకెలు తగ్గించడానికో మరే కంసాలి దగ్గరకైనా నగ వెళ్లి ఉంటే ఆ విషయం మీ న్యాయవాది దగ్గర దాచకండి. రాళ్లు ఊడదీయించి పరీక్షకు పంపే ఆలోచన అసలే వద్దు. పొదిగిన నగను పొదిగినట్టే పరీక్షించి, ఆ పరిమితిని నివేదికలో రాసే ఏర్పాటు ల్యాబ్‌లలో ఉంది.

ఆ తర్వాత షోరూముకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బిల్లు నంబరు, హెచ్‌యూఐడీ, బిల్లులోని వర్ణన, మీకు కలిగిన అనుమానం రాసి, ఇరుపక్షాలకూ సమ్మతమైన రత్న పరీక్షా కేంద్రానికి నగను కలిసి పంపుదామని, పదిహేను రోజుల్లో జవాబివ్వకపోతే మీరే పంపిస్తారని తెలపండి. వారు వచ్చినా మీకు మేలే, రాకపోయినా మేలే. మీ అంతట మీరు చేయించిన పరీక్షను వారు కాదంటే, కేసు విచారించే వినియోగదారుల కమిషన్ స్వయంగా 2019 చట్టం 38వ సెక్షన్ కింద నగను సీలు వేయించి సముచిత ప్రయోగశాలకు పంపగలదు. ఆ రుసుము ముందుగా ఫిర్యాదుదారు కట్టవలసి ఉంటుంది, నివేదిక 45 రోజుల్లో రావాలి.

బిల్లు అడుగున అచ్చయిన వాక్యానికి మీరు భయపడనక్కరలేదు. అది మనసు మార్చుకుని వచ్చే కొనుగోలుదారును ఆపవచ్చునేమో గాని, లోపమున్న సరుకును అమ్మినవారికి రక్షణ కాదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా పైన చెప్పిన 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. మీరు పద్నాలుగు నెలల తర్వాత వెళ్లారు కాబట్టి ఈ 30 రోజుల నిబంధన మీద ఎక్కువగా ఆధారపడకండి. అబద్ధపు వర్ణన అన్న మొదటి కారణమే బలమైనది.

కేసు ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు తేలిక. పాత చట్టంలో అమ్మినవారి ఊరికో, లావాదేవీ జరిగిన ఊరికో వెళ్లవలసి వచ్చేది. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు, కనుక విజయనగరంలోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ మీకు సరిపోతుంది. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉన్న కేసులు జిల్లా కమిషన్‌వే, 5 లక్షల లోపు ఫిర్యాదుకు కోర్టు రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు గాని, ల్యాబ్ నివేదిక మీద అడ్డుప్రశ్నలు వచ్చే కేసు కాబట్టి పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కాలపరిమితి రెండేళ్లు. లోపం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు, అయితే ఆ వాదన మీద పందెం కాయకుండా కొన్న తేదీ నుంచే రెండేళ్లు లెక్కపెట్టుకుని, మిగిలిన పది నెలల్లోపే దాఖలు చేయండి. పరీక్ష అవసరమైన ఫిర్యాదును ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది.

ఏమి కోరాలన్నది చాలామంది ఆలోచించకుండా రాసే భాగం. ‘సొమ్ము వడ్డీతో ఇప్పించండి’ అని మాత్రమే కోరితే మీకు నష్టం రావచ్చు. మీరు కొన్నాక బంగారం ధర బాగా పెరిగింది. నాటి ధర తిరిగి ఇచ్చి నగ తీసుకుంటే ఆ పెరుగుదల షోరూముకు పోతుంది, అందులో మీ పాత బంగారం కూడా కలిసి ఉంది. అందుచేత బిల్లులోని వర్ణనకు సరిపడే మరో బ్రేస్‌లెట్ ఇవ్వాలని మొదటి కోరికగా, లేదా నగ మీ దగ్గరే ఉంచి రాళ్ల విలువలోని తేడాను వడ్డీతో చెల్లించాలని రెండో కోరికగా, అవి రెండూ కుదరకపోతేనే సొమ్ము వాపసు అని ప్రత్యామ్నాయంగా రాయించండి. పరీక్ష ఖర్చు, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు వేరుగా అడగండి. పరిహారం అంకె మరీ పెద్దది వేస్తే ఫిర్యాదు మీద చూపు మారుతుంది.

పోలీసు ఫిర్యాదు విషయంలో తొందర వద్దు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం రుజువు కావాలంటే అమ్మేనాడే వంచించాలన్న ఉద్దేశం ఉందని చూపాలి. టోకు వ్యాపారి దగ్గర షోరూమే మోసపోయి ఉండవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో ఆ ఉద్దేశంతో పని లేదు, రాసింది ఒకటీ ఇచ్చింది ఒకటీ అని తేలితే చాలు. అయితే 48 రాళ్లూ ల్యాబ్‌వేనని నివేదికలో వస్తే అప్పుడు క్రిమినల్ ఫిర్యాదు గురించి మళ్లీ ఆలోచించవచ్చు, రెండూ ఏకకాలంలో నడవడానికి అభ్యంతరం లేదు.

బిల్లు మీ వారి పేరున ఉన్నంత మాత్రాన ఇబ్బంది లేదు. కొన్నవారి అనుమతితో సరుకు వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే కాబట్టి బ్రేస్‌లెట్ ధరిస్తున్న మీ అమ్మాయి కూడా ఫిర్యాదు చేయవచ్చు. అయినా మీ వారు మొదటి ఫిర్యాదుదారుగా, అమ్మాయి రెండో ఫిర్యాదుదారుగా ఉంటే అనవసరమైన అభ్యంతరం ఒకటి తప్పుతుంది. అమ్మాయికి పెళ్లయి వేరే జిల్లాలో ఉంటున్నట్లయితే, మీ వారి రాజాం చిరునామాకు ఆధార్ నకలు జతపరచండి. బిల్లు, గ్యారంటీ కార్డు, పాత బంగారానికి విలువ కట్టిన చీటీ, కార్డు చెల్లింపు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు, నోటీసు, దాని పోస్టు రసీదు, ల్యాబ్ నివేదిక ఫిర్యాదుకు జోడించండి. నగను మాత్రం కమిషన్ అడిగినప్పుడే, రసీదు తీసుకుని అప్పగించండి.