తెగిన వానపాముకు నొప్పి తెలుస్తుందా?

ప్రశ్న: పెరట్లో బెండ మొక్కలకు మట్టి తవ్వుతుంటే పార తగిలి వానపాము రెండు ముక్కలైంది. రెండూ గిలగిలా కొట్టుకున్నాయి. నొప్పి వల్లేనంటారా?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: రెండూ కొట్టుకున్నాయన్నారే, అసలు విషయం అక్కడే ఉందమ్మా. వానపాముకు మెదడు లాంటి నాడీముడి తలవైపే ఉంటుంది. అది లేని తోక ముక్క కూడా మెలికలు తిరిగింది. ఒళ్లంతా సాగే నాడీతాడు చేయించే పని అది. కాబట్టి కొట్టుకోవడం ఒక్కటే చూసి నొప్పి ఉందనీ, లేదనీ తేల్చలేం.

మరి దేన్ని చూడాలి? నాకు బాగా నచ్చిన పరీక్ష సన్యాసి పీతలది. ఖాళీ నత్తగుల్లల్లో కాపురం ఉంటాయివి. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్‌వుడ్ అనే శాస్త్రవేత్త బృందం గుల్లలోకి సన్నటి తీగలు పెట్టి చిన్నపాటి కరెంటు షాక్ ఇచ్చింది. అంతగా నచ్చని గుల్లలో ఉన్నవే ఎక్కువగా బయటికొచ్చేశాయి. మంచి గుల్ల దొరికినవి అంత తేలిగ్గా వదల్లేదు. వట్టి రిఫ్లెక్స్ (ఒళ్లు దానంతటదే కదిలిపోవడం) అయితే ఇలా బేరీజు వేసుకోదు కదా! 2022 నాటి బ్రిటన్ జంతు సంక్షేమ చట్టం పీతల్ని, రొయ్యల్ని కూడా అనుభూతి గల జీవులుగా లెక్కలోకి తీసుకుంది.

అసలు మెదడే లేని బాక్స్ జెల్లీఫిష్ అనే సముద్రజీవి కూడా, గుద్దుకుంటూ గుద్దుకుంటూనే అడ్డాలు తప్పించుకోవడం నేర్చుకుంటుందని 2023లో తేలింది. నేర్చుకోగలిగితే అనుభూతి ఉన్నట్టేనని నేననను. కానీ పురుగే కదా అని కొట్టిపారేయడం నాకు చేతకాదు.

పారకు బదులు ముళ్లపార వాడండి, తెగేవి తగ్గుతాయి. తెగితే తలవైపు ముక్క మీద తడిమట్టి కప్పండి. అది పొడుగ్గా మిగిలితే తోక మళ్లీ పెరగొచ్చు.